గంటకి నలభై పౌన్లు

లోకనాథ్ బోటుకి కొత్తగా బిగించిన పాత ఇంజనుతో పాటు ఒక మీటరు కూడా వచ్చింది. ఆ ఇంజను అంతకుముందు ఏ దేశపు ఓడలో ఎన్నాళ్ళు పనిచేసిందో కాకినాడలో అమ్మినవాడికే తెలియదు. "రెండో చెయ్యి సరుకండి. డీజిలు కాస్త ఎక్కువ తాగుద్ది గానీ, గుర్రమండి" అని మాత్రం చెప్పాడు. మీటరేమో అరచేతి వెడల్పు నల్లపలక. ఇంజను కదలగానే దాని మీద పచ్చటి అంకెలు వెలిగేవి. అంకెల పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఎల్.బి. అనీ, ఓ వాలుగీత తరవాత హెచ్.ఆర్. అనీ ఉండేది.

ఆ అక్షరాలకి అర్థం చెప్పింది లోకనాథే. యానానికి దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ రేవులో ఆయన పెద్దమనిషి. ఏదైనా ఒక సంగతి తనకి తెలియదని చెప్పడం ఆయన ఒంటికి పడదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మీటరుకి ముక్కు ఆనించి చదివాడు.

"ఎల్లంటే లీటర్లు. బీ అంటే బోటు. హెచ్చారంటే అవరు. గంటకి బోటు ఇన్ని లీటర్లు తాగుద్దని దానర్థం."

"అవరంటే ఏతో కదండీ మొదలయ్యేది?" అన్నాడు వల సర్దుతున్న కళాసీ ఒకడు.

"నువ్వు చదివింది ఎన్నో క్లాసురా?"

"మూడండి."

"మరి వల సర్దు."

పక్కనే ఉన్న బుజ్జిబాబు తలూపాడు. అతను ఆ బోటుకి సరంగు. చుక్కాని పట్టేది, ఇంజను చూసుకునేది, వల ఎక్కడ దించాలో చెప్పేది అతనే. ఐటీఐలో డీజిల్ మెకానిక్కు చదివినవాడు కాబట్టి, ఎల్.బి. అంటే లీటర్లు, బోటు కాదేమోనన్న అనుమానం ఓ మూల లేకపోలేదు. కానీ ఆ అర్థం చెప్పినాయన కూతురు అశ్విని. ఆ పిల్లని చేసుకోవాలని బుజ్జిబాబు చాన్నాళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆ పిల్లకీ ఇష్టమే. అడ్డమల్లా మేనరికం. లోకనాథ్ అక్క నూకరత్నం, అశ్విని పుట్టిన రోజునే "ఇది నా కొడుక్కి" అని చెప్పి ఉంచింది. కాబట్టి కాబోయే మావగారు ఎల్లంటే లంక అన్నా సరే, బుజ్జిబాబుకి అది లంకే.

మొదటి వేటకి వెళ్ళారు. ఇంజను మంచి ఊపులో ఉన్నప్పుడు మీటరు అంకె నలభై దగ్గర నిలబడింది. పోనూ రానూ, వల లాగడానికీ కలిపి పది గంటలు. అంటే నాలుగొందల లీటర్లు. పాత ఇంజను తాగుబోతని ముందే విన్నారు గనక లోకనాథ్ ఏడుస్తూనే నాలుగొందల లీటర్లు పోయించాడు. బోటు తిరిగొచ్చాక ట్యాంకులో కొలకర్ర దించాడు. పైకి తీసి చూశాడు. లుంగీకి తుడిచి మళ్ళీ దించాడు.

"ఒరే బుజ్జీ, మధ్యలో ఎక్కడన్నా పోయించావా?"

"సముద్రంలో బంకులెక్కడున్నాయి మావయ్యగారూ?"

"మరి ఇదేంట్రా? నూటెనభై లీటర్లు అలాగే ఉంది!"

రెండోసారీ అంతే. ఆ తరవాతా అంతే. మీటరు నాలుగొందలు తాగానంటుంది, ట్యాంకులో తగ్గేదేమో రెండొందల ఇరవై. లోకనాథ్ ఇంజనుకి దణ్ణం పెట్టాడు. గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టాడు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చి, చేపల వేలం జరుగుతుండగా రేవులో అందరి ముందూ బుజ్జిబాబు కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

"ఇదిగో, ఇదీ చెయ్యంటే! వీడు చుక్కాని ముట్టుకుంటే డీజిలు తరగదు. వైద్యుడికి ఉంటుందే హస్తవాసి, అలాంటిది!"

అప్పట్నుంచి బుజ్జిబాబు బతుకు మారిపోయింది. కొత్త వల కొన్నవాళ్ళు దాన్ని అతని చేత ముట్టించేవారు. ఎవరి కోడిపెట్టో గుడ్లు సరిగ్గా పెట్టడం లేదంటే అతని చేత నిమిరించారు. అది పెట్టిందో లేదో గానీ, లోకనాథ్ మాత్రం ఇలాంటి చెయ్యి పరాయి ఇంటికి పోకూడదనుకున్నాడు. అక్కతో మాటమాత్రం చెప్పకుండా, ఆత్రేయపురం నుంచి పూతరేకుల డబ్బా తెప్పించి బుజ్జిబాబు తల్లి అచ్చాయమ్మకి పంపించాడు. పిల్లనిస్తున్నామని చెప్పడమే అది. అచ్చాయమ్మ వీధి వీధంతా పంచింది. నూకరత్నానికి కూడా ఒకటి పంపించింది. నూకరత్నం దాన్ని వాసన చూసి కుక్కకి వేసిందట. కుక్క తినేసింది.

అంతా బాగుందనుకుంటున్న రోజుల్లో అశ్విని ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన బుజ్జిబాబుని పట్టుకుంది. ఆ పిల్ల యానాంలో బీయెస్సీ చదువుతోంది.

"బావా, నీ హస్తవాసి సంగతి తేలింది."

"ఏం తేలింది?"

"ఎల్.బి. అంటే లీటర్లూ కాదు, బోటూ కాదు. పౌండు. అమెరికా వాళ్ళ తూకం."

"పౌండులో ఎల్లెక్కడుంది, బీ ఎక్కడుంది?"

"అది లాటిన్ వాళ్ళని అడుగు. పౌండంటే అరకేజీ కూడా లేదు, నాలుగొందల యాభై నాలుగు గ్రాములు. నలభై పౌండ్లంటే ఎంతా? పద్దెనిమిది కేజీలు. లీటరు డీజిలు కేజీ తూగదు బావా, నీళ్ళకన్నా తేలిక. ఎనిమిదొందల ఇరవై గ్రాములే. అంటే ఆ పద్దెనిమిది కేజీలు ఇరవైరెండు లీటర్లవుతాయి."

"అంటే మన ఇంజను గంటకి తాగేది ఇరవైరెండు లీటర్లేనా?"

"ఆయ్. పది గంటలకి రెండొందల ఇరవై. నాన్న కొలకర్ర చెప్పేదీ అదేగా."

బుజ్జిబాబు అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నిన్నటిదాకా అందులో ఏదో ఉన్నట్టే ఉండేది. ఇప్పుడు గ్రీజు తప్ప ఏమీ కనపడలేదు.

"మీ నాన్నతో చెప్పెయ్యనా మరి?"

"చెప్పు. నీ చేతిలో ఏమీ లేదని తెలిస్తే ఆ మాట మీద నాన్న ఎన్నాళ్ళుంటాడో చూద్దాం. మా అత్త కొడుకు ప్రసన్న బావ వచ్చి నా మెళ్ళో తాళి కడతాడు, నువ్వు బంతిలో రొయ్యల ఇగురు వడ్డిద్దువుగాని."

బుజ్జిబాబు నోరు మూసుకున్నాడు. అబద్ధమేమీ ఆడటం లేదు కదా అనుకున్నాడు. హస్తవాసి ఉందని తనెప్పుడూ అనలేదు, అన్నది మావయ్య.

వచ్చిన చిక్కల్లా ప్రసన్నకుమార్‌తో వచ్చింది. నూకరత్నం కొడుకు అతను. ఇంజనీరింగ్ చదివి రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తున్నాడు. మంచివాడే. కాకపోతే గోడకి వేసిన పటం కాస్త వంకరగా ఉన్నా లేచి సరిచేసి గానీ అన్నం తినలేడు. ఓ ఆదివారం లోకనాథ్ ఇంజను ఆడిస్తుంటే చూద్దామని బోటెక్కి, మీటరు దగ్గర ఆగి, "మన దేశంలో ఇదేం లెక్క?" అని గొణుక్కుంటూ పక్కనున్న బటను నొక్కిపట్టాడు. "ముట్టుకోకు తమ్ముడూ!" అంటూ బుజ్జిబాబు అటు చివర్నుంచి వలలు దాటుకుంటూ వచ్చేసరికే అక్షరాలు మారిపోయాయి. ఎల్.బి. పోయి కే.జి. వచ్చింది.

"మీటరు మన లెక్కలోకి మార్చాను మావయ్యా" అని చెప్పి అతను చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట లోకనాథ్ చెవిన పడలేదు. ఆయన చూపంతా అంకె మీదే ఉంది. ఇంజను ఊపందుకుంది. నలభై ఉండాల్సిన చోట పద్దెనిమిది ఉంది.

"ఒరే బుజ్జీ! నలభై తాగేది పద్దెనిమిదికి దిగిందిరా! నీ చెయ్యి రోజురోజుకీ పండుతోంది!"

"అది కేజీలండి..."

"కేజీ అంటే లీటరేగా! పాలు లీటరు తెచ్చినా కేజీయే, నీళ్ళు తెచ్చినా కేజీయే. ఇంక పది గంటలకి నూటెనభై చాలు!"

బుజ్జిబాబు మనసులో లెక్క వేసుకున్నాడు. నూటెనభై పోసుకుని వెళితే సముద్రంలో ఆగిపోవడం ఖాయం. ఎందుకో చెప్పాడా, చేతిలో ఉన్న పెళ్ళి పోతుంది.

"ఇంకో ఎనభై పోయించండి మావయ్యగారూ. ఎందుకన్నా మంచిది."

"నీ చెయ్యుండగా ఎనభై ఎందుకురా?"

"చేతికి... ఈమధ్య కాస్త నెప్పిగా ఉంటోందండి."

లోకనాథ్ జాలిపడి నలభై పోయించాడు. మొత్తం రెండొందల ఇరవై.

పది గంటలంటే సరిగ్గా పది గంటలే ఆడింది ఇంజను. ఆరోజు చేప దూరంగా దొరికింది. తిరిగొస్తుంటే, రేవు కనపడుతోందనగా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. బోటునిండా చేప. కరిగిపోతున్న ఐసు. పక్క ఊరి బోటు తాడు కట్టి, గేదెని దొడ్డికి తోలుకొచ్చినట్టు రేవుకి లాక్కొచ్చింది. ఒడ్డున ఊరంతా ఉంది. అందరికన్నా ముందు నూకరత్నం ఉంది. ఆ రేవులో చేపలు కొనే షావుకారు ఆవిడే.

లోకనాథ్ కొలకర్ర దించాడు. పొడిగా వచ్చింది. మీటరు చూశాడు. వాడిన మొత్తం నూటెనభై అని చూపిస్తోంది.

"రెండొందల ఇరవై పోశాను. ఇంజను తాగింది నూటెనభై. మిగతా నలభై ఏవిరా?"

బుజ్జిబాబు నోరు తెరిచేలోపే నూకరత్నం అందుకుంది.

"ఏవంటావేంట్రా తమ్ముడూ, అమ్ముకున్నాడు! నా కొడుకు మీటరు సరిచేశాడు, దొంగ దొరికాడు. హస్తవాసంట హస్తవాసి! అది హస్తలాఘవం! ఆ పూతరేకులు వెనక్కి తీసుకో ముందు!"

"అవి తినేశామండి" అంది జనంలోంచి అచ్చాయమ్మ, ఏడుపు గొంతుతో.

దొంగ అన్న మాట పడేసరికి బుజ్జిబాబుకి పెళ్ళి సంగతి కాసేపు మరుపుకొచ్చింది. నాన్న లేకుండా పెరిగినవాడు. ఆ రేవులో అతని పేరు మీద ఇంతవరకు ఒక్క చేప కూడా తక్కువ రాలేదు. అశ్విని కళ్ళతోనే వద్దంటున్నా, అన్నీ కక్కేశాడు.

"మావయ్యగారూ, నా చేతిలో ఏమీ లేదండి. ముందునుంచీ లేదు. అంతకుముందు ఆ మీటరు చూపించింది లీటర్లు కాదండి, పౌన్లు. గంటకి నలభై పౌన్లు. అందుకే డీజిలు మిగిలినట్టు కనపడింది. ఇప్పుడు కేజీలు చూపిస్తోంది, అందుకే పోయినట్టు కనపడుతోంది. ఇంజను ఎప్పుడూ తాగేది ఒకటేనండి."

లోకనాథ్ నుదుటి మీద కళ్ళజోడు కిందికి దింపాడు.

"ఏంటీ? పౌన్లా?"

"ఆయ్."

"అక్కా, పౌనంటే ఎంత?"

నూకరత్నం మెడలో గొలుసు బొటనవేలితో పైకి లేపి చూపించింది. "పౌను తెలీదేంట్రా? ఎనిమిది గ్రాములు. ఇది ఆరు పౌన్లు."

లోకనాథ్ వేళ్ళు మడిచాడు. "నలభై ఎనిమిదులు మూడొందల ఇరవై. గంటకి మూడొందల ఇరవై గ్రాములు. అంటే, ఒరే బుజ్జీ, ఇంత బోటూ ఇంత చేపా ఓ చారు గిన్నెడు డీజిలుతో నడుస్తుందంటావా? పది గంటలకి మూడు కేజీల రెండొందలు! మరి నేనిన్నాళ్ళూ పోయించిందంతా ఎటు పోయింది?" అని, తను లెక్కేసింది తనకే అర్థమయ్యేసరికి గుండె పట్టుకున్నాడు. "నలభై లీటర్లు కాదురోయ్! వీడు ట్యాంకులకి ట్యాంకులు మింగేశాడు!"

జనం హోరెత్తారు. నిజం చెప్పినందుకు నలభై లీటర్ల దొంగ వేల లీటర్ల దొంగయ్యాడు.

"నాన్నా, అది బంగారం పౌను కాదు!" అశ్విని ముందుకొచ్చింది. "నా పుట్టినరోజుకి రావులపాలెం నుంచి పౌండు కేకు తెచ్చావే, అది ఎనిమిది గ్రాములుందా?"

"అది కేకు పౌనే!"

"ఇది డీజిలు పౌను. సరే, పౌన్లు వదిలెయ్. ఇప్పుడు మీటరులో ఉన్నది కేజీలేగా? లీటరు డీజిలు కేజీ తూగదు నాన్నా. తూచి చూడండి. అత్త కాటా ఇక్కడే ఉంది. అందరికీ ఎదురుగా తేలిపోద్ది."

ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు. పక్క బోటువాళ్ళు బంకులో గీతదాకా కొట్టించి తెచ్చిన పది లీటర్ల డబ్బా ఒకటి ఉంది. అలాంటిదే ఇంకో ఖాళీ డబ్బాని కాటా మీద పెట్టి, దాని బరువు కొట్టేసి, డీజిలు డబ్బా పెట్టారు. నూకరత్నం "నా కాటా చేపలకేరా, డీజిలు కంపు పట్టుద్ది" అని ఏదో అడ్డం రాబోయింది గానీ అప్పటికే ఎర్ర అంకెలు వెలిగాయి.

ఏడు కేజీల రెండొందలు.

బుజ్జిబాబు ఉలిక్కిపడ్డాడు. అశ్విని చెప్పిన లెక్కకి ఎనిమిది కేజీల రెండొందలు రావాలి. కేజీ ఎటు పోయింది? బంకువాడు తక్కువ కొట్టాడా అంటే డబ్బా గీతదాకా ఉంది. తలెత్తి నూకరత్నం మొహం చూశాడు. ఐసు లేకుండా సాయంత్రందాకా ఉంచిన వంజరం చేపలా ఉంది. అతనికి అర్థమైంది.

లోకనాథ్‌కి అర్థం కాలేదు. ఆయన మేనల్లుడి వైపు తిరిగాడు. "ఒరే ప్రసన్నా, పది లీటర్లు ఏడూ రెండొందలైతే నూటెనభై కేజీలకి ఎన్ని డబ్బాలు?"

ప్రసన్నకుమార్ ఫోనులో నొక్కాడు. "ఇరవై అయిదు మావయ్యా."

"అంటే రెండొందల యాభై లీటర్లు. అంటే ఇంజను రెండొందల యాభై తాగాలి. పోసింది రెండొందల ఇరవై!" ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. "రెండొందల యాభై లీటర్ల దారిని రెండొందల ఇరవైతో లాక్కొచ్చాడు! ముప్ఫై మిగిల్చాడ్రా! హస్తవాసి ఎక్కడికీ పోలేదు, ఉంది!"

"ఆగండి మావయ్యా" అన్నాడు ప్రసన్నకుమార్. వంకర పటం కనపడింది పాపం అతనికి. "బంకులో బోర్డు మీద రోజూ రాస్తారు, లీటరు ఎనిమిదొందల ఇరవై గ్రాములని. పది లీటర్లు ఎనిమిదీ రెండొందలు తూగాలి. అప్పుడు ఇరవైరెండు డబ్బాలు, రెండొందల ఇరవై లీటర్లు, సరిగ్గా సరిపోద్ది. బుజ్జన్న చెప్పింది నిజం. తేడా ఎక్కడుందంటే, కాటా కేజీ తక్కువ..."

మాట మధ్యలో తల్లి మొహం చూసి ఆగాడు.

ఆ కాటా మీద చేప తూయించని గడప ఆ ఊళ్ళో లేదు. తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే మెడ తిప్పి నూకరత్నాన్ని చూడసాగారు. వాళ్ళలో లోవలక్ష్మి అనే ఆవిడ తట్ట కింద పెట్టి కొంగు బొడ్లో దోపుకుంది. ఆవిడ కొంగు దోపిందంటే రెండు వీధులు తలుపులు వేసుకుంటాయి.

నూకరత్నం షావుకారు ఊరికే కాలేదు. ఆవిడ ముందు రెండు దారులున్నాయి. కాటా తప్పయితే బుజ్జిబాబు నిజాయితీపరుడు, లోవలక్ష్మి తన జుట్టు పట్టుకుంటుంది. కాటా ఒప్పయితే బుజ్జిబాబు మహిమగల మనిషి, మేనకోడలు చేజారుతుంది. ఆవిడ ఒక్కసారి జుట్టు ముడి సవరించుకుంది.

"నా కాటాకేం తక్కువరా? ఏడూ రెండొందలంటే ఏడూ రెండొందలే! ఎక్కువొచ్చిన ముప్ఫై లీటర్లూ ఆ పిల్లాడి చేతి మహిమ. నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను."

"అమ్మా, నువ్వు ఇందాక దొంగని..."

"నువ్వు ఫోను లోపల పెట్టు. ఒరే తమ్ముడూ, ఇంకా చూస్తావేంటి? ముహూర్తం పెట్టించు!"

లోకనాథ్ ఆనందంగా బుజ్జిబాబు చెయ్యి పట్టుకున్నాడు. "ఏరా, ఇందాక నీ చేతిలో ఏమీ లేదన్నావు?"

బుజ్జిబాబు అశ్విని వైపు చూశాడు. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటోంది. ఇటు లోవలక్ష్మి వైపు చూశాడు. ఆ తట్టలో ఉన్నవి పొద్దున పట్టిన చేపలు. ఇంకాసేపట్లో అవి ఈ కాటా ఎక్కాలి. అతను గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలు ఉందంటే ఉందేమోనండి. అయితే పెద్దమ్మగారూ, ఒక్క మాట. ఇంత మంచి చెయ్యి నాదైతే, రేపు వేలానికి ముందు మీ కాటాని కూడా ఓసారి ముట్టుకుంటాను. బరువులు కాస్త కలిసొస్తాయేమో."

నూకరత్నం అతన్ని ఎగాదిగా చూసింది. కోపంగా మొదలైన ఆ చూపు చివర్లో బేరం కుదిరిన చూపయింది.

"ముట్టుకో నాయనా" అంది.

మర్నాడు రేవుకి అందరూ పెందలాడే వచ్చారు. నూకరత్నం అంతకన్నా ముందే వచ్చి, కాటాని సంచిలోంచి తీసి, ఒంటరిగా దానితో కాస్త కుస్తీ పట్టి సిద్ధంగా ఉంచింది. నిన్నటి డీజిలు డబ్బానే పైన పెట్టారు. లోకనాథ్ కాటాకి బొట్టు పెట్టాడు. బుజ్జిబాబు కుడిచెయ్యి దాని పక్కమీద ఆనించాడు.

ఎనిమిది కేజీల రెండొందలు.

"పెరిగింది! కేజీ పెరిగింది!" అని లోకనాథ్ ఎగిరి గంతేశాడు. జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. లోవలక్ష్మి తన తట్ట తీసుకెళ్ళి అందరికన్నా ముందు పెట్టింది. ప్రసన్నకుమార్ ఫోను తీయబోతే అశ్విని అతని చెయ్యి పట్టుకుంది.

నూకరత్నం మాత్రం కాటా మీద అంకెలు చూస్తూ, గొంతు తగ్గించి బుజ్జిబాబుకి మాత్రమే వినపడేటట్టు అంది.

"ఇంక చెయ్యి తియ్యి బాబూ. ఇంకా పెరిగితే నేను మునిగిపోతాను."